పాటకు దరువు కట్టిందెవరు?

ప్రజా సాంస్కృతిక దళాల పాటల పుస్తకాలు ఏవైనా నాలుగు ముందేసుకొని చూడండి. పాట రాసినవారి పేరు ఉంటుంది. కొన్నింట్లో బాణీ ఏ జానపద పాటదో ఒక ముక్క ఉంటుంది. క్యాసెట్టు అట్ట మీదైతే పాడినవారి పేరూ, 'సంగీతం' అన్న మాట పక్కన క్యాసియో వాయించినవారి పేరూ ఉంటాయి. డప్పు దగ్గరికి వచ్చేసరికి 'బృందం' అన్న ఒక్క మాటతో సరి. మైదానంలో మాత్రం పాట మొదలయ్యేది డప్పుతోనే. మాట చెవిన పడకముందే జనం ఇండ్లలోంచి కదిలేది ఆ మోతకే.

ఒక దళం కొత్త పాట కట్టుకున్నప్పుడు దానికి దరువు ఎట్లా పుడుతుంది, అందులో ఏయే నిర్ణయాలుంటాయి, వాటిని తీసుకునేదెవరు అన్నది వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. వీణ వాయిస్తారు, మృదంగం వాయిస్తారు, డప్పు మాత్రం కొడతారు. కొట్టడానికి చెయ్యి చాలు, వాయించడానికి విద్య కావాలి అనే లెక్క మన క్రియాపదాల్లోనే కూర్చొని ఉంది. ఈ లెక్క తప్పని చెప్పడానికి ఆవేశం సరిపోదు. పనిని విప్పి చూపించాలి.

డప్పు గురించి చాలామందికి తెలుసు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. సుమారు అడుగున్నర అడ్డం ఉండే గుండ్రటి చెక్క చట్రం, దానికి ఒకవైపు బిగించిన లేగదూడ తోలో మేక తోలో. చింతగింజల అంబలితో అతికించి, వెనక వారలతో లాగి కడతారు. ఎడమ భుజానికి వేలాడుతుంది. కుడిచేతిలో పొట్టిగా లావుగా ఉండేది సిర్ర, ఎడమచేతిలో సన్నటిది సిటికెన పుల్ల. సిర్ర నడిమధ్యన పడితే బరువైన మోత. పుల్ల అంచున పడితే పలుచటి పదునైన చప్పుడు. ఎడమచెయ్యి డప్పును పట్టుకోవాలి, పుల్లనూ ఆడించాలి. నేర్చుకునేవాళ్లను ఏడిపించేది ఈ ఎడమచెయ్యే. ఇక మంట. తోలు చల్లబడితే గొంతు దిగిపోతుంది, మంచు కురిసే రాత్రి మరీ తొందరగా. గడ్డి మంటో తాటాకు మంటో వేసి కాపుతూ ఉండాలి. ఎంత కాగితే ఎంత మోగుతుందో, ఎక్కడ దాటితే తోలు పగులుతుందో తట్టి చూసి చెప్పగలగడం ఈ విద్యలో భాగం. ఇద్దరు ఉంటే ఒక డప్పు ఎక్కువ కాపి, ఒకటి తక్కువ కాపి, రెండు గొంతులు చేసుకుంటారు.

2020లో వచ్చిన టి.ఎం. కృష్ణ పుస్తకం 'సెబాస్టియన్ అండ్ సన్స్' మృదంగాలు తయారుచేసే దళిత క్రైస్తవ కుటుంబాల గురించి రాసింది. అక్కడ తోలు ఎంచి కోసి దానికి నాదం తెచ్చేవాళ్లు ఒకరు, సభలో కూర్చొని పేరు పొందేవాళ్లు మరొకరు. డప్పులో అట్లాంటి పని విభజన లేదు. తోలు పదును చేసిందీ, డప్పు కట్టిందీ, దరువు వేసిందీ ఒకే వాడ. అయినా పేరు దక్కలేదు. కాబట్టి పేరు ఎక్కడ జారిపోతోందో వేరేచోట వెతకాలి.

ఊళ్లో డప్పు పని వెట్టి. దొరల ఇంట పెళ్లికీ చావుకీ, జాతరకూ, పంచాయతి చాటింపుకూ మాదిగ పోయి కొట్టాల్సిందే. 1970లలో జననాట్యమండలి దాన్ని రాజకీయ సభ మీదికి తెచ్చింది. డప్పు రమేష్ వంటి కళాకారులకు వాద్యమే పేరులో భాగమైంది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు మారణకాండల తర్వాత దళిత సభల్లో అదే డప్పు నిరసన వాద్యమైంది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ ఉద్యమం తన పేరే దండోరా అని పెట్టుకుంది. ఎవరి చాటింపో తిరిగి వినిపించినవాళ్లు తమ చాటింపు తాము వేసుకున్నారు. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం డప్పును తెలంగాణ ఉద్యమం అంతటికీ గుర్తు చేసింది. ఈ చరిత్ర మీద వ్యాసాలున్నాయి, పరిశోధనలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం పాటల మాటలను విశ్లేషించినవే.

ఇప్పుడు పనిలోకి పోదాం. పాట రాసినాయన మాటలతో, మనసులో ఉన్న ఒక బాణీతో రిహార్సలుకు వస్తాడు. కాగితం డప్పు పట్టినాయన చేతికి పోదు. చాలాచోట్ల ఆయనకు చదువు రాదు కూడా. ఆయన వింటాడు. రెండుసార్లు వినేదాకా డప్పు ముట్టడు. మోకాలు మీద వేళ్లు ఆడుతుంటాయి. మొదట పట్టుకునేది నడక. పాట మూడు మూడుగా నడుస్తోందా, నాలుగు నాలుగుగానా, మూడూ నాలుగూ కలిసి ఏడుగానా? సంగతి తెలియడానికి నేనే ఒక పంక్తి కడతాను.

ఊరి బావి తవ్వినోళ్ల చేతి చెమట అడుగుతోంది.

మాత్రలు లెక్కపెట్టండి. ఊరి, బావి, తవ్వి, నోళ్ల, చేతి, చెమట, అడుగు, తోంది. ఎనిమిది ముక్కలు, ముక్కకు మూడు మాత్రలు. ఛందస్సు పాఠంలో మాకు దీన్ని తురగవల్గన రగడ అని చెప్పారు, అంటే గుర్రం గంతు. డప్పు మీద దీని మొదటి రూపం 'డం న క, డం న క'. ఇందులో 'డం' సిర్ర దెబ్బ, 'న క' పుల్ల దెబ్బలు. దరువును నోటితో పలికే తీరు ఊరికొకటి ఉంటుంది. మనకు ఇక్కడికి ఈ మూడు పలుకులు చాలు.

ప్రతి ముక్క మొదట్లో 'డం' వేస్తే ఏమవుతుంది? పంక్తికి ఎనిమిది బరువు దెబ్బలు. మాట మునిగిపోతుంది. కొత్తగా డప్పు పట్టిన పిల్లలు చేసేది ఇదే, పాట మీద పడిపోతారు. చెయ్యి తిరిగినాయన సగం తీసేస్తాడు. 'డం న క, - న క' అవుతుంది. ఆ గీత ఉన్నచోట సిర్ర గాల్లో ఆగుతుంది. ఇప్పుడు బరువు నాలుగుచోట్లే పడుతుంది: ఊరి, తవ్వి, చేతి, అడుగు. ఊరు, తవ్వుడు, చెయ్యి, అడుగుడు. పాట సారం అంతా ఈ నాలుగు మాటల్లో ఉందని ఎవరూ వ్యాఖ్యానం రాయలేదు, సిర్ర చెప్పింది. ఇంకా ఆలోచించేవాడైతే మూడో దెబ్బను 'చేతి' మీదినుంచి జరిపి 'చెమట' మీద వేస్తాడు. వినేవాళ్లు ఎదురుచూసిన చోట ఖాళీ, ఎదురుచూడని చోట దెబ్బ. ఆ మాట గుండెలో దిగుతుంది. దీన్ని అర్థవివరణ అనకపోతే మరేమనాలి?

అదే సంగతిని ఇంకో నడకలో పెడదాం.

ఊరి బావిని తవ్వినోళ్లము నీటి చుక్కకు దూరమైతిమి.

ఇది మూడు, నాలుగు. ఊరి, బావిని. తవ్వి, నోళ్లము. నీటి, చుక్కకు. దూర, మైతిమి. పుస్తకాల్లో ఇది వృషభగతి రగడ, ఎద్దు నడక. గురజాడ 1910లో ముత్యాల సరాలకు తీసుకున్నదీ ఈ మూడు నాలుగుల నడకే. డప్పు మీద 'డం న క, డం న డం క'. మొదటి అడుగు చిన్నది, రెండో అడుగు పెద్దది, ఒక కాలు ఈడ్చినట్టు ఉంటుంది. మొదటి పంక్తి నిలదీస్తే, ఇది చెప్పుకొని బాధపడుతుంది. బావి ఒకటే, తవ్వినోళ్లు ఒకటే. నడక మారితే పాట రాజకీయం మారింది. (గుర్రం, ఎద్దు అని నడకలకు పేర్లు పెట్టినవాళ్లు పండితులయ్యారు. ఆ ఎద్దు తోలు మీద నడకను పలికించినవాళ్లకు ఆ పేర్లే తెలియవు.)

ఈ మార్పును కోరేది ఎవరు? నేను కూర్చున్న రిహార్సళ్లలో చాలాసార్లు డప్పు పట్టినాయనే. ఏడు నడకలో అడుగు వేయడం కష్టం, గజ్జెలు కట్టిన పిల్లలు తడబడతారు. కోరసన్నా మూడు నడకలోకి తెద్దామంటాడు. రాసినాయన ముందు ఒప్పుకోడు. డప్పు రెండు తీర్లుగా వేసి చూపిస్తారు. చివరికి 'బావిని' పోయి 'బావి' వస్తుంది, 'తవ్వినోళ్లము' పోయి 'తవ్వినోళ్ల' వస్తుంది. అంటే దరువు కోసం మాటలే మారాయి. అచ్చులో మనం చదివే ఆ పంక్తిలో డప్పు చెయ్యి ఉంది. ఆ చేతికి పుస్తకంలో చోటు లేదు. ఇందాక వెతికిన పేరు జారిపోయేది సరిగ్గా ఈ రిహార్సలు గదికీ అచ్చు యంత్రానికీ మధ్యన.

నడక కుదిరాక మిగతా పని తొందరగా సాగుతుంది. సాకికి తాళం ఉండదు కాబట్టి డప్పు మౌనంగా ఉంటుంది, సాకి చివరి మాట మీద ఒకే ఒక్క దెబ్బ. పల్లవి ఎత్తుగడ దెబ్బకు ముందే మొదలవుతుందో, దెబ్బ మీదే మొదలవుతుందో తేల్చుకోవాలి. ఇది తేలకపోతే గాయకుడు ఒకవైపు, డప్పు ఒకవైపు. చరణంలో కథ ఉంటుంది కాబట్టి సిర్ర తగ్గి పుల్ల ముందుకొస్తుంది. డోలక్ ఉంటే చరణాన్ని దానికి వదిలేస్తారు. వంత అందుకోగానే రెండు డప్పులూ లేస్తాయి. ఒకటి నడక పట్టుకుంటే రెండోది సందుల్లో మారుదెబ్బ వేస్తుంది.

వంతలోకి పోయే మలుపు దగ్గర ఒక పనితనం ఉంది. రెండు ముక్కలు కలిపితే ఆరు మాత్రలు. వాటిని 'డం న క, డం న క' అని మూడు మూడుగా వేస్తూ వచ్చి, మలుపులో 'డం క, డం క, డం క' అని రెండు రెండుగా విడగొడతారు. మొత్తం అదే ఆరు. వేగం పెరగలేదు, అయినా పెరిగినట్టు అనిపించి కూర్చున్నవాళ్లు లేచి నిలబడతారు. పాశ్చాత్య సంగీతంలో దీనికి హెమియోలా అని పేరుంది, పాఠం ఉంది. వాడలో ఇది పిల్లవాడు పెద్దవాళ్ల పక్కన నిలబడి పట్టుకునే సంగతి.

ధూంధాం వచ్చాక ఇంకో బరువు పడింది. పాటకూ పాటకూ మధ్య ఆగకూడదు. మూడు నడక పాట నుంచి నాలుగు నడక పాటకు దాటించేది డప్పే. అడుగు వేగం అట్లాగే ఉంచి, లోపలి ముక్కల లెక్క మాత్రమే మార్చాలి. ఆ పది సెకన్ల వంతెన ఏ పాటలోనూ భాగం కాదు. అది లేకపోతే కార్యక్రమం లేదు.

ఇంతవరకు చెప్పింది లెక్క. దరువుకు లెక్కతోపాటు జ్ఞాపకం కూడా ఉంది. ఊళ్లో పుట్టినవాళ్లకు సావు డప్పు ఏదో, పెళ్లి డప్పు ఏదో, జాతర డప్పు ఏదో చాటింపు ఏదో దూరం నుంచే తెలుస్తుంది. కాబట్టి కొత్త పాటకు దరువు ఎంచుకోవడమంటే వినేవాళ్ల జ్ఞాపకంలోంచి ఒక సందర్భాన్ని లాగడమే. సభ పిలుపు పాటకు చాటింపు దరువు సహజంగా కుదురుతుంది. దౌర్జన్యాన్ని ఎదిరించే పాటకు జాతరలో పూనకం తెప్పించే దరువు వేస్తే ఒళ్లు జలదరిస్తుంది, కానీ జనం పాట వినడం మానేసి ఆడటం మొదలుపెట్టే ప్రమాదం ఉంది. ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవారి జమిడిక నడక తెలిసినాయన ఉంటే చరణాలు కథలాగా సాగుతాయి.

అసలు వాదన సావు డప్పు దగ్గర వస్తుంది. అమరుల పాటకు అది వేయాలా వద్దా? పెద్దవాళ్లు కొందరు వేయాలంటారు. మన చావులకు మన డప్పు మోగాలి కదా అని వాళ్ల వాదన. చదువుకున్న యువకులు కొందరు ససేమిరా అంటారు. తండ్రులు ఆ దరువును దొరల శవాల ముందు కల్లు చుక్క కోసం, చిల్లర కోసం వేసినవాళ్లు. ఆ చప్పుడు వినపడితే వాళ్లకు అమరుడు గుర్తుకురాడు, వీధిలో వంగిన తండ్రి వీపు గుర్తుకొస్తుంది. చాలా ఊళ్లలో మాదిగలు అగ్రకులాల చావులకు డప్పు కొట్టడం మానేశారు. మానినందుకు దెబ్బలు తిన్నవాళ్లూ, బహిష్కరణకు గురైనవాళ్లూ ఉన్నారు. కాబట్టి యువకుల నిరాకరణను సెంటిమెంటు అని కొట్టేయడం అన్యాయం. నేను చూసిన ఒక దళం దీనికి ఒక దారి కనిపెట్టింది. సావు దరువు నడకను ఉంచి, సిర్ర తీసేసి, పుల్లతో మాత్రమే సన్నగా వేశారు. తెలిసినవాళ్లకు తెలిసింది. అవమానం గుర్తుచేసే మోత మాత్రం లేదు. పాట సగంలో సిర్ర పడింది, వేరే నడకలో. ఈ పరిష్కారం రాత్రి ఒంటిగంటకు మంట చుట్టూ కూర్చొని వచ్చింది. ఏ సాంస్కృతిక విధాన పత్రంలోనూ ఇంత సున్నితమైన ఆలోచన నేను చదవలేదు.

ఆడవాళ్ల మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సంప్రదాయంగా డప్పు వాళ్ల చేతికి ఇవ్వలేదు. ఇప్పుడు మహిళా డప్పు బృందాలున్నాయి. బతుకమ్మ చప్పట్లలో పెరిగిన చేతులు ఖాళీలను వేరే తీరుగా వాడతాయని నాకనిపిస్తుంది. దీని మీద విడిగా పని జరగాలి.

తోలు డప్పుతోపాటు ఫైబర్ డప్పు వచ్చింది. మంట అక్కర్లేదు, బోల్టులు తిప్పితే బిగుస్తుంది. వానలో కూడా మోగుతుంది. దళాలకు పెద్ద వెసులుబాటు, కాదనను. అయితే దాని గొంతు ఎప్పుడూ పైనే ఉంటుంది, నడుమ దెబ్బకు ఆ లోతు రాదు. లోతు లేనిచోట ఖాళీ నిలవదు కాబట్టి సందులన్నీ పుల్లతో నింపేస్తున్నారు, పాటలు వేగమవుతున్నాయి. స్టూడియోలో సంగతి ఇంకో తీరు. డప్పు మైకును చీలుస్తుందని దూరంగా నిలబెడతారు, గుడ్డ కప్పుతారు, లేదంటే ప్యాడ్ మీద డప్పు చప్పుడు నొక్కుతారు. దరువు మాత్రం డప్పు పట్టినాయన దగ్గరే నేర్చుకుంటారు. ఆయన రెండు గంటలు వేసి చూపించి, దారి ఖర్చు తీసుకొని బస్సెక్కుతాడు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1957 కాపీరైటు చట్టం మొదట్లో సంగీత కృతి అంటే కాగితం మీదికి ఎక్కిన స్వరాల కూర్పేనంది. రాత రానివాళ్ల సంగీతం ఆ నిర్వచనం బయట ఉండిపోయింది. దండోరా పుట్టిన 1994లోనే పార్లమెంటు దాన్ని సవరించింది. సంగీతకర్త తన సంగీతాన్ని లిపిలో రాసుకున్నా రాసుకోకపోయినా సంగీతకర్తే అని చేర్చింది. ప్రదర్శకుల హక్కు కూడా ఆ సవరణతోనే వచ్చింది, 1995 మే నుంచి అమలైంది. 2012 సవరణ ప్రదర్శకులకు రాయల్టీ దారి తెరిచింది. ఒక దరువును విడిగా కృతిగా గుర్తిస్తారా అన్నది ఇంకా వాదించాల్సిన విషయమే. కానీ 'రాసి లేదు కదా' అన్న పాత సాకు చెల్లి మూడు దశాబ్దాలైంది. దాన్ని ఇంకా వాడుతున్నది మన పాటల పుస్తకాలే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డప్పు కళాకారులకు 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది. అది కావాల్సిందే, పెరగాల్సిందే. అయితే అది ఆయన పేదరికాన్ని చూసి ఇచ్చేది. ఆయన కట్టిన దరువుకు వచ్చేది వేరే లెక్క.

ఇంకో అభ్యంతరం ఉంది, అదీ మనవాళ్ల నుంచే. దరువు సమూహానిది, ఒకరి పేరు పెడితే వ్యక్తివాదం అవుతుందంటారు. సరే. బాణీ కూడా సమూహానిదే, పలుకుబడి సమూహానిదే. అయినా పాట కింద కవి పేరు వేయడానికి మనకు ఏ ఇబ్బందీ రాలేదు. సమూహం గుర్తుకొచ్చేది డప్పు దగ్గరే ఎందుకో? రాసేవాళ్లు, పాడేవాళ్లు రకరకాల కులాల నుంచి వస్తారు. డప్పు పట్టేవాళ్లు చాలావరకు మాదిగలే. దళాల లోపల ఈ ప్రశ్న వేసుకోకుండా బయట శ్రమ గౌరవం గురించి మాట్లాడలేం.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. పాట అచ్చు వేసేటప్పుడు కింద నాలుగు పంక్తులు చేర్చాలి. పైన చెప్పిన బావి పాటకైతే ఇట్లా ఉంటుంది: నడక మూడు మాత్రలు, రెండు ముక్కలకు ఒక సిర్ర దెబ్బ. సాకికి డప్పు లేదు. 'చెమట' మీద దెబ్బ జరిగింది, వంతకు ముందు ఆరు మాత్రలు రెండు రెండుగా. దరువు కట్టినవారు: పేరు, ఊరు. ఇద్దరు కలిసి కట్టి ఉంటే ఇద్దరి పేర్లూ. పాత దరువును తెచ్చి వాడితే అది ఏ సందర్భంలోదో, ఎవరి దగ్గర నేర్చుకున్నదో. తెలుగు శాఖల్లో జానపద గేయాలు సేకరించే విద్యార్థులు టేపులోనో ఫోనులోనో పాట ఎక్కించుకున్నాక వెంటనే కట్టేయకుండా, డప్పు ఒక్కదాన్నే మళ్లీ ఒకసారి వేయమని అడగాలి. మొదట నెమ్మదిగా, తర్వాత అసలు వేగంతో. నోటితో పలకమని కూడా అడగాలి. ఎందుకు అక్కడ ఆపావు పెద్దయ్యా అని అడిగితే, మొదట నవ్వుతారు. రెండోసారి అడిగితే చెబుతారు.